మాజీ సైనికులకు ఊరి ఆసరా: కడంబూరు, కోవిల్‌పట్టి సీమ

సైన్యంలో పనిచేసి తిరిగివచ్చినవారికీ, విధుల్లో కన్నుమూసినవారి కుటుంబాలకూ ప్రభుత్వం కల్పించిన హక్కులు చాలానే ఉన్నాయి. ఆ హక్కులు ఇంటి గడప దాకా చేరడానికి ఊరివాళ్లు, బంధువులు, తోటి మాజీ సైనికులు, పంచాయతీ, తపాలా కార్యాలయం చేసే పనిని ఈ వ్యాసంలో ఊరి ఆసరా అంటున్నాం. దాన్ని పరిశీలించడానికి ఎంచుకున్న చోటు తమిళనాడు దక్షిణాన ఉన్న నల్లరేగడి నేల. విరుదునగర్ నుంచి సాత్తూరు, కోవిల్‌పట్టి మీదుగా తిరునెల్వేలికి పోయే రైలు మార్గంలో, కోవిల్‌పట్టికీ వాంచి మణియాచ్చికీ నడుమ వస్తుంది కడంబూరు. స్టేషన్లో అమ్మే పోళీలతో ప్రయాణికులకు గుర్తుండిపోయిన చిన్న ఊరు. తమిళులు కరిసల్ అని పిలిచే ఈ నేలలో సేద్యం వానమీదే ఆధారపడుతుంది. వాన తప్పితే కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల పని, శివకాశి బాణసంచా పని దిక్కు. చుట్టుపక్కల ఎన్నో ఊళ్లలో కమ్మవారు, రెడ్లు, రాజకంబళపు నాయకులు, అరుంధతీయులు ఇంట్లో తెలుగు మాట్లాడతారు. బడిలో, కచేరీలో తమిళం. ఇలాంటి సీమలో నెలనెలా జీతమొచ్చే పటాలపు కొలువు ఒక కుటుంబపు రాతనే మారుస్తుంది. ఆ కొలువు ముగిశాక ఏం జరుగుతుందన్నది మాత్రం మనం తక్కువగా అడిగే ప్రశ్న. సన్మానాలూ చందాలూ మంచివే. అయినా ఊరు చేయగల అసలు పని, హక్కుకూ ఇంటికీ మధ్య దారి వేయడం. ఆ పని ఊరు తప్ప మరొకరు చేయలేరన్నది ఈ వ్యాసం వాదన.

ఈ వాదనకు వేళ్లు పాతకాలంలోనే ఉన్నాయి. ఊరి పశువుల కోసమో, పొలిమేర కోసమో పోరాడి చనిపోయిన వీరుడి కుటుంబానికి భూమి రాసిచ్చే ఆచారం దక్షిణ దేశమంతటా ఉండేది. తమిళ శాసనాలు దాన్ని ఉదిరప్పట్టి అన్నాయి, కన్నడ శాసనాలు నెత్తరు కొడగి అన్నాయి. రెండు మాటల్లోనూ ఉన్నది నెత్తురే. వీరుడికి రాయి నిలిపేవారు, అతని ఇంటికి చేను ఇచ్చేవారు. ఆ చేను ఎక్కడో దూరాన ఉండేది కాదు. ఊరి పొలంలోనే ఉండేది. దాని గట్లు ఎవరు జరిపినా ఊరందరికీ తెలిసేది. దానపత్రానికి విలువ ఎంత ఉందో, ఊరి సాక్ష్యానికీ అంతే ఉండేది. 16వ శతాబ్దంలో మదురై నాయకరాజు విశ్వనాథుడి కాలం నుంచి బలపడిన పాలెగాళ్ల ఏర్పాటు కూడా ఇదే పునాది మీద నడిచింది. తిరునెల్వేలి సీమలో పడమటి పాలెంపట్లు ఎక్కువగా మరవలవి, తూర్పు పాలెంపట్లు ఎక్కువగా తెలుగు నాయకులవి. ఎట్టయాపురం, పాంచాలంకురిచ్చి ఈ రెండో కోవలోవి. పాలెగాడు భూమి ఇస్తాడు, భూమి పొందినవాడు కత్తి పట్టి కావలి కాస్తాడు. 1799 అక్టోబరు 16న కయత్తారులో పాంచాలంకురిచ్చి పాలెగాడు వీరపాండ్య కట్టబొమ్మనను ఉరితీశాక, 1801 పోరు అణగారాక, ఈస్టిండియా కంపెనీ కోటలు కూల్చి ఆయుధాలు గుంజుకుంది. దాంతో పోయింది రాజ్యాలొక్కటే కాదు. యోధుడి కుటుంబాన్ని ఊరి భూమితో ముడివేసిన ఏర్పాటూ పోయింది.

ఆ తర్వాత సిపాయి బాగోగులు ఊరి చేతిలోంచి పటాలం చేతిలోకి మారాయి. కంపెనీ మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు ఎంత ప్రముఖంగా ఉండేవారంటే, ఉత్తరాదిలో సిపాయిలందరినీ తిలంగాలు అనడం వాడుకైంది. ఆ సైన్యంలో భార్యాబిడ్డలు పటాలం వెంటే తిరిగేవారు. ఊరు మారినప్పుడల్లా సంసారాలూ బండ్లెక్కేవి. కష్టమొస్తే ఆదుకునేదీ పటాలమే. 19వ శతాబ్దం చివర, యుద్ధానికి పనికొచ్చే జాతులు వేరని నమ్మిన రాబర్ట్స్ వంటి బ్రిటిష్ సేనానుల చలవతో దక్షిణాది భర్తీ కుంచించుకుపోయింది. రెండు ప్రపంచ యుద్ధాలు మళ్లీ ఊళ్ల తలుపులు తట్టాయి. మొదటి యుద్ధానికి ఏ ఊరి నుంచి ఎంతమంది వెళ్లారో, ఎంతమంది ప్రాణాలిచ్చారో చెక్కిన చిన్న పలకలు నేటికీ పాత మద్రాసు రాష్ట్రపు ఊళ్లలో కొన్నిచోట్ల కనిపిస్తాయి. అంకె ఉంటుంది, పేర్లుండవు. సైనికుల సంక్షేమం కోసం 1919లో పుట్టిన భారత సైనికుల బోర్డే పేర్లు మారుతూ వచ్చి 1975లో కేంద్రీయ సైనిక్ బోర్డు అయింది. రెండో యుద్ధం తర్వాత మద్రాసు ప్రభుత్వం తిరిగివచ్చిన సిపాయిలకు వయనాడు కొండల్లో భూములిచ్చి వలస పల్లెలు కట్టించింది. ఇచ్చింది భూమే అయినా, అది సొంత ఊరికి దూరంగా, సాక్షులు లేని చోట ఇచ్చిన భూమి. ఉదిరప్పట్టికీ దీనికీ తేడా అక్కడే ఉంది.

ఇక నేటి సంగతి. కడంబూరులో ఉండే ఒక రిటైరైన హవల్దారు హక్కులు ఎన్ని ఊళ్లలో చెదిరి ఉన్నాయో చూడాలి. అతని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం తూత్తుకుడిలో ఉంటుంది. అదే రైలు దారిలో సాత్తూరువాడైతే విరుదునగర్ జిల్లా కిందికి వస్తాడు. మద్రాసు రెజిమెంటులో పనిచేసి ఉంటే అతని సర్వీసు రికార్డులు నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాసు సాపర్లలో పనిచేసి ఉంటే బెంగళూరులో, ఫిరంగి దళమైతే నాసిక్‌లో, యంత్రాల మరమ్మతులు చూసే ఈఎంఈ దళమైతే సికింద్రాబాదులో ఉంటాయి. పింఛను లెక్క తేల్చే ప్రధాన కార్యాలయం ప్రయాగ్‌రాజ్‌లో ఉంది. వైద్యానికి 2003లో మొదలైన ఈసీహెచ్‌ఎస్ పథకం ఉంది. దాని పాలీక్లినిక్కులు పట్టణాల్లో ఉంటాయి, మామూలుగా అక్కడి నుంచి చీటీ రాస్తేనే పెద్దాసుపత్రి. జీతం తీసుకున్నంత కాలం ఇవన్నీ యూనిట్ గుమాస్తా చూసుకున్నాడు. రిటైరైన మర్నాటి నుంచి ఆ గుమాస్తా లేడు. సిపాయిలు ఎక్కువమంది పదిహేనేళ్లకు పైబడ్డ సర్వీసుతో, నలభైకి అటూఇటూ వయసులో ఇంటికొస్తారు. పిల్లలు బడిలో ఉంటారు, తల్లిదండ్రులు మంచాన పడే వయసుకొస్తారు. అంత బరువు మీద పడే సమయంలోనే ఈ ఐదారు ఊళ్ల కార్యాలయాలతో ఒంటరిగా ఉత్తర ప్రత్యుత్తరాలు నడపాలి.

ఆయన పోయాక ఆ భారమంతా భార్య మీద పడుతుంది. కుటుంబ పింఛను ఆగిపోయే సందర్భాల్లో చిన్న కాగితాల పాత్ర పెద్దది. పెళ్లి, బిడ్డల పుట్టుక వంటివి సర్వీసులో ఉండగానే యూనిట్ వెలువరించే పార్ట్ టూ ఆర్డరులో నమోదు కావాలి. భార్య పేరు పింఛను ఉత్తర్వులో ఒకలా, ఆధార్ కార్డులో మరోలా, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటే కాగితం ముందుకు కదలదు. ఈ సీమలోని తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు ఇంకాస్త ఎక్కువ. ఇంటిపేరు చుట్టరికాల్లో బతికే ఉంటుంది, పత్రాల్లో మాత్రం తమిళనాడు పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఉంటుంది. పటాలంలో గుమాస్తా హిందీ ఉచ్చారణతో ఇంగ్లీషులో రాసుకున్న పేరు మరొకటి. ఇంట్లో తెలుగు, తాలూకా కచేరీలో తమిళం, రికార్డు ఆఫీసు నుంచి వచ్చే ఉత్తరం ఇంగ్లీషులోనో హిందీలోనో. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని ఎవరో ఒకరు నిరూపించాలి. పేరు సవరణకు కావలసిన ధ్రువీకరణ, వారసత్వ పత్రం, పునర్వివాహం చేసుకోలేదన్న పత్రం, అన్నీ చివరికి ఊరివాళ్ల మాట మీదే నిలబడతాయి. గ్రామ పరిపాలన అధికారి (వీఏఓ) విచారించేదీ పొరుగువాళ్లనే. ఆనాటి దానశాసనానికి సాక్షిగా నిలిచిన ఊరు నేడు వారసత్వ పత్రానికి సాక్షి అవుతోంది. ఊరు తలచుకుంటే వారంలో తేలేది, పట్టించుకోకపోతే ఏళ్లు పడుతుంది.

ఈ పని ఎవరు చేస్తారు? చాలాచోట్ల ఊళ్లోనే ఉన్న మరో మాజీ సైనికుడు. సుబేదారుగానో హవల్దారు క్లర్కుగానో పనిచేసి, ఏ ఫారం ఎక్కడికి పంపాలో తెలిసినవాడు ఒక్కడుంటే నాలుగు ఊళ్ల సైనిక వితంతువులకు ఊపిరాడుతుంది. మాజీ సైనికులు కిక్కిరిసిన ఊళ్లలో ఈ విద్య ఊరుమ్మడి ఆస్తిగా మారుతుంది. పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. మొదటి ప్రపంచ యుద్ధానికి 90 మంది, రెండోదానికి వెయ్యిమందికి పైగా వెళ్లారని ఆ ఊరు గర్వంగా చెప్పుకుంటుంది. వెల్లూరు జిల్లాలోని కమ్మవాన్‌పేట కూడా తరతరాలుగా సిపాయిల ఊరే. అలాంటి ఊళ్లో కొత్తగా భర్త పోయిన ఇల్లాలికి ఏం చేయాలో చెప్పడానికి పక్క వీధిలోనే పదిమంది దొరుకుతారు. ఎవరి పింఛను ఎందుకు ఆగిందో, ఎలా వచ్చిందో నూతి దగ్గరి మాటల్లోనే తెలిసిపోతుంది. కడంబూరు, కోవిల్‌పట్టి పరిసరాల్లో సైనిక కుటుంబాలు ఊరికి ఒకటి రెండుగా చెదిరి ఉన్నచోట ఆ సౌలభ్యం ఉండదు. అందుకే ఊరి ఆసరాను తాలూకా స్థాయిలో అల్లుకోవాలి. కోవిల్‌పట్టి వంటి రెవెన్యూ డివిజన్ కేంద్రంలో, సంత రోజున, ఫారాలు తెలిసిన ఇద్దరు మాజీ సైనికులు నిలకడగా కూర్చుంటే చాలు. తూత్తుకుడికి పోయివచ్చే ఒక రోజు కూలి మిగులుతుంది. చిన్న సంగతిలా కనిపిస్తుందిగానీ, పింఛను ఆగిన ఇంట్లో ఒక రోజు కూలి చిన్నది కాదు.

మరణం వార్తగా వచ్చినప్పుడు మాత్రం ఏ ఊరూ వెనకాడదు. 2019 ఫిబ్రవరి 14న పుల్వామా దాడిలో మరణించిన సీఆర్‌పీఎఫ్ జవాన్లలో ఒకరు కయత్తారు దగ్గరి సవలాపేరి వాసి. తమిళనాడు ప్రభుత్వం 20 లక్షల రూపాయలు, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. 2020 జూన్‌లో గల్వాన్ ఘర్షణలో సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబు మరణించినప్పుడు తెలంగాణ ప్రభుత్వం ఆ కుటుంబానికి 5 కోట్ల రూపాయలు, గ్రూప్-1 ఉద్యోగం, ఇంటి స్థలం ఇచ్చింది. అదే ఘర్షణలో అమరులైన మిగతా 19 మంది కుటుంబాలకూ తలా 10 లక్షలు ప్రకటించింది. వారిలో రామనాథపురం జిల్లాకు చెందిన హవల్దారు పళని ఒకరు. ఈ ఔదార్యం నిజమైనది, మెచ్చుకోదగినది. కానీ ఒక సంగతి గమనించాలి. దేశమంతా చూస్తున్న మరణానికి దక్కినది, ఎవరూ చూడని మరణానికి దక్కదు. శాంతికాలంలో కొండచరియ విరిగిపడి పోయినవాడు, రిటైరైన మూడేళ్లకు కాలేయం చెడి పోయినవాడు వార్త కాడు. ప్రజల ఆదరణ రాజకీయాల గాలికీ ఊగుతుంది. 1987 నుంచి 1990 దాకా శ్రీలంకలో వెయ్యిమందికి పైగా ప్రాణాలు కోల్పోయిన భారత శాంతిదళం తిరిగి మద్రాసు రేవుకు వచ్చినప్పుడు నాటి ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతానికి వెళ్లలేదు. ఈళం తమిళుల పట్ల ఆయనకున్న వేదన అబద్ధం కాదు. అయితే ఆజ్ఞ పాటించిన సిపాయికి ఆ నిర్ణయంతో సంబంధం లేదు. అలాంటప్పుడు అతన్ని మనవాడని అక్కున చేర్చుకోగలిగింది సొంత ఊరే.

ఇదంతా ప్రభుత్వం చేయాల్సిన పని కదా, ఊరి నెత్తిన పెడితే ప్రభుత్వానికి తప్పించుకునే సందు దొరకదా అని అడిగేవారున్నారు. ఈ ఆక్షేపణ బలమైనదే. పింఛనుకు బదులు చందా, వైద్యానికి బదులు సానుభూతి ఊరు ఇవ్వబోతే ఆ అభ్యంతరం నూటికి నూరుపాళ్లు నిజమవుతుంది. కానీ దారి వేయడం వేరు, బదులుగా ఇవ్వడం వేరు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక లక్షలాది సిపాయిలను పింఛను లేకుండా ఇళ్లకు పంపేశారు. అలాంటి పింఛను లేని మాజీ సైనికులు, వారి వితంతువుల్లో 65 ఏళ్లు దాటిన పేదలకు సాయుధ దళాల పతాక దినోత్సవ నిధి నుంచి ఇచ్చే నెలసరి సాయం 4,000 రూపాయలుండేది. 2025 నవంబరు నుంచి అది 8,000 అయింది. డిసెంబరు 7న బడిపిల్లల చొక్కాలకు జెండా గుచ్చి మనం డబ్బాలో వేసే నాణేలే ఆ నిధి. డబ్బు ఊరినుంచే పోతోంది, తిరిగి ఊరికే రావాలి. ఊళ్లో అర్హురాలైన ముసలమ్మ ఎవరో ఊరు చెప్పకపోతే ఆ నిధికి ఆమె చిరునామా తెలియదు. ఎందరికి అందాలో, ఎందరికి అందలేదో ఊరు లెక్కగట్టి అడిగినప్పుడే ప్రభుత్వం తప్పించుకోలేదు. లెక్క తెలియని ఊరు నిలదీయనూ లేదు.

సైనికుడికే ఎందుకీ ప్రత్యేకత, అగ్గిపెట్టెల షెడ్డులో ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ఆడమనిషికి, బాణసంచా పేలుడులో కొడుకును పోగొట్టుకున్న తల్లికి ఈ ఆసరా అక్కరలేదా అన్నది మరో ప్రశ్న. ఆ తల్లి దుఃఖాన్ని తక్కువ చేసే వాదన ఏదైనా నీచమైనదే. సైనికుడిని వేరుగా చూడడానికి కారణం అతని ప్రాణం విలువైనదని కాదు. ఇరవై ఏళ్ల వయసులో అతన్ని ఊరినుంచి పెరికి తీసుకుపోయి, ఓటు, ఇల్లు, పొలం, చుట్టాలు అన్నిటికీ దూరంగా ఉంచింది దేశం. ఊరి వ్యవహారం నేర్చుకునే వయసంతా అతను సరిహద్దులో గడిపాడు. తిరిగొచ్చాక ఊరికి కొత్తవాడు. పైగా కాగితాల దారి ఒకసారి పడితే అది ఒక్కరికే పరిమితం కాదు. వితంతు పింఛను, కార్మిక సంక్షేమ బోర్డు సాయం అదే దారిలో నడుస్తాయి. కులం సంగతి కూడా దాచనక్కరలేదు. ఈ సీమలో ఆసరా తరచూ కుల సంఘాల గొడుగు కింద దొరుకుతుంది. గొడుగు చిన్నదైన అరుంధతీయ సిపాయి వానలో నిలబడాల్సి వస్తుంది. దక్షిణాది నాలుగు భాషలవాళ్లు ఒకే బ్యారక్‌లో పడుకుని లేచే మద్రాసు రెజిమెంటు నేర్పిన పాఠం ఊళ్లోకి రాగానే చెదిరిపోతే అది ఊరి తప్పు. అందువల్ల కుల సంఘం కన్నా యూనిట్ స్నేహాల మీద నిలిచిన సంఘం మేలు. ఒకే కందకంలో గడిపినవాళ్లు కులాల లెక్క చూడడం తక్కువ.

అన్నీ ఆన్‌లైన్ అయ్యాయి కదా, ఇక మధ్యవర్తులెందుకు అనేది మూడో మాట. స్పర్శ్ అనే పింఛను వ్యవస్థ నిజంగానే ఎన్నో మెట్లు తగ్గించింది. ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని వేలిముద్రతోనే ఇవ్వొచ్చు. కానీ వ్యవసాయపు చేతుల వేలిముద్రలు అరిగిపోతాయి, ముసలి కళ్లకు ఫోన్లో వచ్చే అంకెలు ఆనవు, కొడుకు తిరుప్పూరులోనో చెన్నైలోనో ఉంటాడు. గడువు దాటితే పింఛను ఆగుతుంది. పాత రోజుల్లో పింఛను ఆగితే బ్యాంకు మేనేజరుకు ముఖం చూపి చెప్పుకునే వీలుండేది. ఇప్పుడు చెప్పుకోవడానికి ముఖమే లేదు. యంత్రం వచ్చాక మనిషి అవసరం తగ్గలేదు. చేయి పట్టుకుని సేవాకేంద్రానికి తీసుకెళ్లి, తిరిగి ఇంటి దగ్గర దింపే మనిషి కావాలి.

బతుకుతెరువు విషయంలో తమిళనాడు కొంత ముందుంది. మాజీ సైనికులకు కాపలా, డ్రైవరు వంటి పనులు చూపించే టెక్స్‌కో సంస్థ 1986 నుంచి ఉంది. 2024లో ప్రకటించిన ముఖ్యమంత్రి పథకం కింద కోటి రూపాయల దాకా అప్పు, అందులో 30 శాతం పెట్టుబడి రాయితీ ఇస్తున్నారు. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సీ ఉద్యోగాల్లో 10 శాతం వాటా ఉంది. ఇక్కడో గీత ఉంది, దాన్ని ఊరు సాధారణంగా గుర్తించదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్‌లలో పనిచేసినవారు చట్టం దృష్టిలో మాజీ సైనికులు కారు. 2012లో కేంద్రం వారికి మాజీ కేంద్ర సాయుధ పోలీసు సిబ్బంది అన్న పేరు ఇచ్చి, రాష్ట్రాలు తగిన సౌకర్యాలు కల్పించాలని సూచించింది. పేరు దక్కినంత సులువుగా సౌకర్యాలు దక్కలేదు. సవలాపేరి జవాను శవపేటిక మీద కప్పింది అదే మువ్వన్నెల జెండా. ఊరి కన్నీళ్లలో ఏ తేడా లేదు. ఊరి సంఘాలు ఇద్దరినీ ఒకే పట్టికలో రాసుకోవడానికి ఏ చట్టమూ అడ్డు రాదు.

ఆ పట్టిక అవసరం ఇప్పుడు మరింత పెరుగుతోంది. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ కింద చేరినవారిలో నాలుగేళ్లు నిండాక నాలుగో వంతు మందినే పటాలంలో ఉంచుకుంటారన్నది పథకం నియమం. మిగతావారు సుమారు 11.71 లక్షల సేవా నిధితో ఇంటికొస్తారు. పింఛను ఉండదు, ఈసీహెచ్‌ఎస్ వైద్యం ఉండదు, మాజీ సైనికుడన్న హోదా ఉండదు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో వాటా ప్రకటించారు కానీ అందరికీ అక్కడ చోటుండదు. మొదటి జట్టు నాలుగేళ్ల గడువు 2026 చివరికి పూర్తవుతుంది. కరిసల్ పల్లెల నుంచి చేరిన కుర్రాళ్లు పాతికేళ్లకు అటూఇటూ వయసులో కోవిల్‌పట్టి స్టేషన్లోనో కడంబూరు స్టేషన్లోనో ట్రంకు పెట్టెతో దిగుతారు. మాజీ సైనికుల కోసం నడిచే జిల్లా కార్యాలయపు జాబితాలో వాళ్ల పేరు ఉండాలన్న నియమమేదీ లేదు. చేతికొచ్చిన డబ్బును చిట్టీల్లో, నగల్లో, ఇంటి అప్పుల్లో కరిగిపోనివ్వకుండా ఎవరితో మాట్లాడాలో, దళాల్లో ఖాళీల ప్రకటన ఎప్పుడొస్తుందో, దేహదారుఢ్యం పోకుండా ఏ మైదానంలో పొద్దున్నే పరుగెత్తాలో చెప్పగలిగేది ముందు తరపు హవల్దార్లే. ఊరు ఆ పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాల్సిన సమయం ఇదే.